గునుగు, బంతి, తంగేడు

పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, ముందురోజు హైదరాబాద్‌లో రోడ్ల పక్కన పూల గోనెసంచులు విప్పుతారు. మొన్న అలాంటి ఒక సంచి మీదికి వంగితే గునుగు వాసన తగిలింది. గునుగుకు వాసనే లేదంటారు చాలామంది. మల్లెలాగా, సంపెంగలాగా ఎదురొచ్చే వాసన కాదు, నిజమే. కానీ కోసిన రోజే సంచిలో కుక్కిన గునుగులో ఎండుగడ్డి, జొన్నచేను మట్టి, రాత్రి కురిసిన మంచు కలిసి ఉంటాయి. చేతికి అంటుకుంటే సాయంత్రం దాకా పోదు.

ఆ వాసన వెంట పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా ఊళ్లు గుర్తొచ్చాయి. తొంభైల్లో అక్కడి మహిళా సంఘాలు బతుకమ్మ తొమ్మిది రోజుల్ని ఎట్లా వాడుకునేవో ఇప్పటి పిల్లలకు తెలియదు. బతుకమ్మంటే పట్టుచీర, డీజే, స్టేజీ అనుకుంటూ ఒక తరం పెరిగింది. ఆ రోజుల్లో సంఘం ఏడాది పనిలో సగం ఆ తొమ్మిది రోజుల్లోనే తేలేది. పొదుపు లెక్కలు, అప్పుల ముచ్చట, బడి మానిన ఆడపిల్లల జాబితా, అక్షరాలు, అన్నీ అప్పుడే. మామూలు రోజుల్లో మీటింగుకు పోతానంటే ఎందుకు, ఎక్కడ, ఎంతసేపు అని ఇంట్లో వంద ప్రశ్నలు. బతుకమ్మకు పోతున్నానంటే అడిగేవాళ్లు లేరు. అడగాల్సిన అత్త కూడా అదే వలయంలో పక్కనే చప్పట్లు కొడుతుండేది.

ఆడవాళ్ల సమానత్వానికి చదువు సాధనం కావాలని 1986 జాతీయ విద్యా విధానంలో రాశారు. దాని వెంటే 1989లో కర్ణాటక, గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో మహిళా సమాఖ్య అనే కేంద్ర కార్యక్రమం మొదలైంది. మన దగ్గర అదే మహిళా సమత పేరుతో ముందు మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోకి వచ్చింది. ఒక్కో కార్యకర్తకు పదేసి ఊళ్లు. బోరు వేయించే పథకం కాదు, ఇల్లు కట్టించే పథకం కాదు. ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం, చదివించడమే పని. "ఒచ్చి ముచ్చట్లు వెట్టి పోతరు, ఇచ్చేదైతే ఏం లేదు" అని మొదట్లో అన్న ఊళ్లు చాలా ఉన్నాయి. ఆ మాట అన్నవాళ్లే తర్వాత సంఘాన్ని నిలబెట్టారు.

* * *

పని బతుకమ్మతో కాదు, అంతకు ముందు బొడ్డెమ్మతోనే మొదలయ్యేది.

బొడ్డెమ్మ పెళ్లికాని ఆడపిల్లల పండుగ. పీట మీద పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా కట్టి, పూలు పెట్టి, పెత్రమాస దాకా రోజూ సాయంత్రం చుట్టూ తిరిగి ఆడతారు. ఊళ్లో ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో బడి మానినవాళ్లెవరో ఇల్లిల్లూ తిరిగి అడిగితే సరైన జవాబు రాదు. పంచాయతీ మనుషులో, బడి మనుషులో అనుకుని "మా పిల్ల బడికే పోతున్నది" అనేస్తారు. బొడ్డెమ్మ దగ్గర అడగాల్సిన పనే లేదు. వచ్చిన పిల్లలెవరో కనబడతారు. రాని పిల్లల సంగతి వచ్చిన పిల్లలే చెప్తారు. "గామె రాదక్కా, సీడు పత్తికి వోయింది."

సీడు పత్తి అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. హైబ్రిడ్ పత్తి విత్తనం తయారుచేసే చేలు అవి, గద్వాల వైపు ఎక్కువ. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా, మర్నాడు విచ్చుకోబోయే ఆడ వరుస మొగ్గల్ని వెతికి, గోటితో రేకులు, లోపలి పుప్పొడి కేసరాలు ఒలిచెయ్యాలి. పుప్పొడి అందుకునే కీలాగ్రం మాత్రం చెదరకూడదు. మర్నాడు పొద్దున మగ వరుస పూలు తెచ్చి దాని మీద రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక్క మొగ్గ కూడా తప్పిపోకూడదు కాబట్టి రోజూ అదే చేలో అవే చెట్లు. రెండు మూడు నెలలు సాగుతుంది. చిన్న వేళ్లయితే మొగ్గ చెదరదనీ, పిల్లల ఎత్తుకు చెట్టు సరిపోతుందనీ చెప్పేవాళ్లు. అసలు సంగతి, పిల్లలకు కూలి తక్కువ, ఎదురు మాట్లాడరు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటారు. బతుకమ్మ ఆడే వేళ, మొగ్గ గిల్లే వేళ ఒక్కటే కావడంతో వలయంలో ఖాళీ కళ్లకు కట్టినట్టు కనబడేది.

జాబితాకు నాలుగు పేజీల నోటుబుక్కు చాలు. పేరు, వయసు, ఏ తరగతిలో ఆగింది, ఎందుకు ఆగింది, అడ్వాన్సు ఎంత, తీసుకున్నదెవరు, కూలికి తీసుకుపోయే మేస్త్రీ ఎవరు. పేరు దగ్గరే మొదటి తప్పు జరిగేది. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడిలో రాసిన పేరు ఇంకొకటి. చిట్టి అని రాసుకుని బడికి పోతే రిజిస్టరులో ఆ పిల్లే ఉండదు. రెండు పేర్లూ రాయాలని అనుభవం మీద తెలిసింది. వయసు ఇంకో చిక్కు. సంవత్సరం చెప్పే తల్లి లేదు. "చెరువు తెగిన యేడు", "పెద్దోని లగ్గానికి కడుపుల ఉండె" అంటారు. అట్లాంటి నాలుగు గుర్తులు కలిపి, అదే ఏడు పుట్టిన పక్కింటి పిల్ల బడి రికార్డుతో పోల్చి వయసు తేల్చేవాళ్లు.

* * *

గునుగు కోతకు పోయేది తెల్లారగట్లే, పది పన్నెండుమంది కలిసి. ఆరుతడి చేలల్లో, గట్ల మీద కలుపులా పెరిగే మొక్క అది, ఎవరూ కాదనరు. కానీ పత్తి చేలో దిగితే పూత రాలుతుందని రైతు కోప్పడతాడు. జొన్న, సజ్జ చేల గట్లే నయం.

తెచ్చాక వెంటనే రంగు ముంచకూడదు. మంచు తడి ఆరకముందే ముంచితే రంగు పలచబడి మచ్చలు మచ్చలుగా పడుతుంది. నీడలో చాపమీద పరిచి, ఆకులు దూసి, పది పన్నెండు పూలు ఒక కట్టగా పువ్వు మొదట్లో దారంతో కట్టాలి. తలలన్నీ ఒక ఎత్తున ఉండేట్టు నేలకు కొట్టి, కాడల్ని జానెడుంచి కొడవలితో సమంగా కోయాలి. దారం బిగించి కడితే లోపలి పూలకు రంగు పట్టదు. పైకి గులాబీ, విడదీస్తే తెలుపు. వదులుగా కడితే పేర్చేటప్పుడు జారిపోతాయి. వేలు దూరేంత సందుండాలని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు.

కిరాణా కొట్టులో దొరికే రంగు పొడి చన్నీళ్లలో సరిగా కరగదు. గోరువెచ్చని నీళ్లలో కలిపి, అడుగున గడ్డలు లేకుండా పుల్లతో తిప్పాలి. వెడల్పాటి గిన్నె కన్నా లోతైన చెంబు మేలు, తక్కువ రంగుతో ఎక్కువ కట్టలు మునుగుతాయి. తల మునిగేదాకా ముంచి, పైకి తీసి, ఒక దులుపు దులిపి, తలకిందులుగా కాక నిలువుగా ఆరబెట్టాలి. తలకిందులైతే రంగు కొసకు దిగి ఆరాక చారలు పడుతుంది. సంఘాలు ఇక్కడ చేసిన చిన్న పని ఒకటుంది. విడివిడిగా ఇంటికో పొట్లం కొనే బదులు అందరికీ కలిపి రంగు తెప్పించేవాళ్లు. ఒకరింట్లో గులాబీ, ఒకరింట్లో నీలం, ఒకరింట్లో ఆకుపచ్చ కలిపి, అందరూ కట్టలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ముంచుకునేవాళ్లు. ఖర్చు తగ్గడం ఒక్కటే కాదు. ఎన్నడూ ఒకరి గడప ఒకరు తొక్కని ఇళ్ల మధ్య తిరుగుడు మొదలయ్యేది.

తంగేడు మాత్రం ముందురోజు తేవడానికి లేదు. పొద్దున కోసిన తంగేడు మధ్యాహ్నానికి వాడిపోయి రేకులు రాల్చుతుంది. తడిగుడ్డ కప్పి నీడన పెట్టాలి. నీళ్లలో వేస్తే ఇంకా తొందరగా రాలుతుంది.

పేర్చడంలో మూలమంతా లోపలి పూరణలో ఉంది. సిబ్బిలో, అంటే వెడల్పాటి పళ్లెంలో, గుమ్మడాకులు పరిచి, కట్టల తలలు బయటికి, కాడలు లోపలికి పెడుతూ వలయం వేస్తారు. మధ్యలో ఏర్పడే గుంతను తంగేడు కాడలు, తుంచిన ఆకులతో నింపి అరచేత్తో అదమాలి. ఒక్కో వరుస కింది వరుసకన్నా అర వేలు లోపలికి జరగాలి. గుంత సరిగా నింపకుండా ఎత్తు పెంచితే నాలుగో వరుసకల్లా ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు పైన ఎన్ని పూలు పెట్టినా నిలబడదు, విప్పి మళ్లీ పేర్చాల్సిందే. చివరికి కొస మీద గుమ్మడి పువ్వు, అందులో పసుపు గౌరమ్మ. తల మీద మోసుకుపోయే ముందు సిబ్బి అంచు నుంచి అంచుకు దారం తిప్పి కట్టేవాళ్లు. దారం లేకుండా సుట్టబట్ట మీద పెట్టుకున్న బతుకమ్మ చెరువు కట్ట ఎక్కేటప్పుడు జారడం చాలాసార్లు చూశాం.

* * *

రాత్రిబడి వాచకాల్లో మొదటి పాఠాలు మంచివే, కానీ పొద్దంతా కలుపు తీసి వచ్చిన మనిషికి పుస్తకం తెరిచేసరికి కునుకు పట్టేది. పూలు పేర్చేటప్పుడు మాత్రం ఎవరూ నిద్రపోరు. అందుకని పూల పేర్లే పాఠంగా పెట్టిన సంఘాలు ఉన్నాయి. ఆ పద్ధతిని విడమరిచి చెప్పాలనుంది, ఎందుకంటే అది నిజంగా పనిచేసింది.

మొదటి పదం గునుగు. మూడక్షరాలు, మూడింటికీ కొమ్మే. గ, న, గ. ఒకే గుర్తు మూడుసార్లు రావడంతో కొమ్ము అంటే ఏమిటో చెప్పకుండానే పట్టుబడుతుంది. రెండో పదం బంతి. ఇక్కడ బ, త వచ్చాయి, సున్నా వచ్చింది, గుడి వచ్చింది. మూడోది తంగేడు. గ మీదికి ఏత్వం, చివర డ. అంతే, మూడు పూలు. చేతిలో ఉన్న హల్లులు అయిదు: గ, న, బ, త, డ.

పాత క్యాలెండర్ల వెనక వైపు రెండంగుళాల అక్షరాలు రాసి, ఒక్కో అక్షరంగా కత్తిరించి, చాప మీద పరిచేవాళ్లు. ఇక ఆట. వీటితో ఇంకేం మాటలొస్తాయి? తి పక్కన ను పెడితే "తిను". "గింత" అని ఒకామె, "తిండి" అని ఇంకొకామె. "గుడి", "బండి". న మీదికి ఏత్వం ఎక్కించి, పక్కన ను పెట్టి "నేను" అని ఎవరో ఒకరు చదివేవాళ్లు. ప్రతి ఊళ్లోనూ ఆ మాట దగ్గర కొంచెంసేపు ఆగేవాళ్లు. తర్వాత బ పక్కన డి. "బడి."

వాచకంలో బడి అనే మాట రావడానికి ఎన్ని పాఠాలు పట్టినా, ఇక్కడ మూడో పువ్వుకే వచ్చేసింది.

నాలుగోది గుమ్మడి. మ వస్తుంది, దాని కింద వత్తు వస్తుంది. వత్తు తెలిశాక డ కింద డ పెట్టి "బిడ్డ" అని రాసుకున్నారు. బతుకమ్మ అని రాయడానికి క ఒక్కటే బాకీ. పువ్వు అనే మాటను మాత్రం కావాలనే ఆఖరుకు పెట్టాలి. వ కు కొమ్ము ఇస్తే చూడ్డానికి మ లాగానే ఉంటుంది. ముందే చెప్తే రెండూ కలిసిపోయి, అప్పటిదాకా వచ్చిన "గుమ్మడి" కూడా తప్పు చదువుతారు. మ స్థిరపడ్డాకే వు చూపించాలి.

బలపం ఇంకో సంగతి. కొడవలి పట్టిన చేయి బలపాన్నీ అదే బలంతో పడుతుంది. మొదటి గీతకే విరుగుతుంది, విరిగిందని సిగ్గుపడి పలక పక్కన పెడతారు. అందుకని ముందే బలపాల్ని సగానికి విరిచి అందరికీ ముక్కలే ఇచ్చేవాళ్లు. అసలు మొదటి రెండు రోజులు పలకే వద్దు, నేల మీద ముగ్గు పిండితో. ముగ్గు వేసే చేతికి వంపులు అలవాటే, గ ఒక తోరణం, ట ఒక మెలిక. తోరణం అనగానే వేసేసేవాళ్లు.

నలభై దాటినవాళ్లు కొందరు ఎంతకీ ముందుకు సాగేవాళ్లు కాదు. "మాకు రాదు బిడ్డా, మట్టి బుర్ర" అని వాళ్లే అనేవాళ్లు. చాలాకాలం మేమూ అదే నమ్మాం, తప్పు. చాప మీది పెద్ద అక్షరం చదివిన మనిషి పలక మీది చిన్న అక్షరం చదవలేకపోతే అది బుర్ర కాదు, చత్వారం. సూదిలో దారం ఎక్కించమని అడిగితే తేలిపోయేది. అద్దాలు పెట్టించాక వారంలో పేరు రాసినవాళ్లున్నారు. లాంతరు ఎదురుగా కాకుండా ఎడమ భుజం వెనక పెట్టాలి, రాసే చేతి నీడ పలక మీద పడకుండా.

* * *

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చరు, నైవేద్యం పెట్టరు. సాయంత్రం అలవాటుగా అందరికీ కాళ్లు బయటికే లాగుతాయి, చేయడానికి పనేమో లేదు. సంఘానికి అంతకన్నా మంచి రోజు దొరకదు. ఏడాది లెక్క ఆ రోజు చూసేవాళ్లు.

లెక్కకు చింతగింజలు. ఒక్కో గింజ పది రూపాయలు. ఇరవైమంది సంఘం, నెలకు తలా పది రూపాయలంటే నెలకు ఇరవై గింజలు. పన్నెండు కుప్పలు పోస్తే రెండు వందల నలభై గింజలు, రెండువేల నాలుగు వందలు. అప్పు తీసుకున్నవాళ్లు తమ గింజలు తీసి తమ ముందు పెట్టుకుంటారు. కుప్పలో మిగిలింది బ్యాంకు పుస్తకంలో ఉండాలి. ఉందా? పుస్తకం చదవరాని మనిషి కూడా ఈ లెక్క పట్టుకోగలదు. పుస్తకం రాసే ఒక్కరి చేతిలో సంఘం ఇరుక్కోకుండా కాపాడింది ఆ చింతగింజలే.

తేడా వచ్చేది సాధారణంగా మూడు చోట్ల. ఒకటి, ఒకే పేరు ఇద్దరికి ఉండటం. ఇద్దరు బాలమ్మలుంటే ఒకరి జమ ఇంకొకరి పేజీలోకి పోయేది. పేజీ మీద పేరుతోపాటు ఒక బొమ్మ గీయడం మొదలుపెట్టాక ఆ గొడవ పోయింది. కొడవలి బాలమ్మ, దీపం బాలమ్మ. రెండు, అసలు కొంత కట్టాక కూడా వడ్డీ పాత అసలు మీదే లెక్కగట్టడం. మూడు, బ్యాంకులో సంతకం. కొత్తగా నేర్చిన సంతకం ఒక్కో రోజు ఒక్కో తీరుగా పడుతుంది. ఒక్క అక్షరం కొంచెం ఒరిగితే విత్‌డ్రా ఫారం వెనక్కి వచ్చేది. బస్సు కిరాయి, కూలి రెండూ పోయేవి. దాంతో బ్యాంకుకు పోయే ముందురోజు పది సార్లు, పోయే పొద్దున అయిదు సార్లు పలక మీద సంతకం పెట్టించడం ఒక నియమంగా పెట్టుకున్నారు.

పండుగ అప్పుల కోసం అందరూ ఒకేసారి చేయి చాపేది కూడా ఆ రోజే. చీర, గాజులు, ఆడబిడ్డను పిలుచుకోవడం, మామూలు ఖర్చులు కావు. ఎవరికీ ఇవ్వం అంటే సంఘం విరుగుతుంది. అందరికీ ఇస్తే పెట్టె ఖాళీ, మర్నాడు పిల్లకు జ్వరం వస్తే పైసా ఉండదు. నిలబడిన సంఘాలన్నీ వరుస ఒకటి పెట్టుకున్నాయి. ముందు జబ్బు, తర్వాత సీడు పత్తి అడ్వాన్సు తీర్చి పిల్లను తెచ్చుకునే తల్లి, తర్వాత పుస్తకాలు, బట్టలు, ఆఖరుకు చీర. అడ్వాన్సు తీర్చడానికి ఇచ్చిన అప్పును తల్లి చేతికి ఇవ్వకుండా ఇద్దరు సభ్యులు వెంట పోయి నేరుగా కట్టేసి వచ్చేవాళ్లు. మొదట్లో చేతికే ఇచ్చారు. డబ్బు ఇంట్లో ఇంకో అవసరానికి పోయి, పిల్ల చేలోనే ఉండిపోయింది. తర్వాత మరుసటి ఏడు అదే ఇల్లు మళ్లీ అడ్వాన్సు తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. అన్నీ గెలిచామని చెప్పడానికి లేదు.

* * *

పాటలు. బతుకమ్మ పాటకు ఒక కొలత ఉంటుంది. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు, పాదం రెండు చప్పట్లలో ముగిసి ఉయ్యాలో మీద ఆగాలి. చదువు మీద పాట కట్టమని పైనుంచి కాగితాలు వచ్చేవి. వాటిలో ఉండే మాటలు "నిరక్షరాస్యత నిర్మూలన" లాంటివి. నిరక్షరాస్యత అనే మాట నోరు తిరిగేలోపు చప్పట్లు రెండు అయిపోతాయి, వంగిన నడుము లేచేస్తుంది. ఆ కాగితాలు ఎవరూ పాడలేదు. ఊళ్లో కట్టినవి పాడారు.

ఆరేండ్ల చిన్నమ్మ ఉయ్యాలో
ఆవుల వెంట పాయె ఉయ్యాలో
పలక పట్టే చేయి ఉయ్యాలో
పత్తిమొగ్గ గిల్లె ఉయ్యాలో

ఇట్లాంటి నాలుగు పాదాలు ఒకామె ఎత్తుకుంటే, మర్నాటికి పది పాదాలయ్యేవి. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నెల్లూరు దూబగుంట ఆడవాళ్లు చదువుకుంటూ చదువుకుంటూ సారా దుకాణం మూయించిన కథ అప్పటికే పాలమూరు దాకా వచ్చింది. ఆ దసరాకు ప్రతి వలయంలో సారా పాటే. పాటలో పేరు పెట్టి తిట్టకూడదన్నది మాత్రం పెద్దవాళ్ల మాట. పేరు పెడితే ఆ ఇంటి ఆడబిడ్డ వలయంలోంచి వెళ్లిపోతుంది, మర్నాడు రాదు. పేరు లేకుండా పాడితే ఆమే అందుకుని పాడుతుంది.

చెప్పడానికి కష్టంగా ఉన్నా ఒకటి చెప్పాలి. చాలా ఊళ్లల్లో వలయాలు రెండు. ఊరి బతుకమ్మ గుడి ముందు, దళితవాడ బతుకమ్మ వాడలో. చెరువు దగ్గర వదిలే చోటు కూడా వేరు. సంఘాల్లో ఎక్కువమంది దళిత, కూలి ఆడవాళ్లే. వలయాలు కలపాలని ఒక్కసారిగా పట్టుబట్టిన చోట గొడవై, ఆ ఏడు ఆటే ఆగిపోయింది. వేరే దారి దొరికింది రంగు గిన్నెల దగ్గర. గునుగు ముంచుకోవడానికి వచ్చిపోయిన ఇళ్ల ఆడవాళ్లు రెండు మూడేళ్లకు ఆఖరుదైన సద్దుల బతుకమ్మ రోజు మాత్రం బడి మైదానంలో కలిసి ఆడటం మొదలుపెట్టారు. బడి ఎవరి వాడా కాదు కాబట్టి. అన్ని ఊళ్లల్లో కాదు, కొన్నింట్లోనే.

భర్త పోయినవాళ్ల సంగతి కూడా అంతే. పువ్వులు తెంపుతారు, రంగులు ముంచుతారు, పేరుస్తారు. గౌరమ్మను పెట్టే వేళకు వెనక్కి జరుగుతారు. ఎవరూ పొమ్మనరు, వాళ్లే జరుగుతారు. కొన్ని సంఘాలు ఒక పద్ధతి పెట్టుకున్నాయి. సంఘం బతుకమ్మ మీద గౌరమ్మను ఆ ఏడు పొదుపు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టిన సభ్యురాలు పెట్టాలని. పొదుపు తప్పకుండా కట్టేది ఎక్కువగా ఒంటరి ఆడవాళ్లే. మొదటి ఏడు గుసగుసలు వచ్చాయి. ఆమె చేయి వణికింది, గుమ్మడి పువ్వు ఒరిగింది, పక్కనున్న అత్తగారు ఒకామె చేయిపట్టి నిలబెట్టింది.

* * *

సద్దుల బతుకమ్మ నాడు ఇంటికో రకం సద్ది. పెరుగన్నం, చింతపండు పులిహోర, కొబ్బరి, నువ్వులు. మక్కజొన్న రొట్టెలో బెల్లం నలిపిన మలీద. సంఘం తరఫున నువ్వుల సద్ది ఒకటి పెద్దగా చేసేవాళ్లు. కిలో నువ్వులకు ముప్పావు కిలో బెల్లం. సన్నటి సెగ మీద చిటపటలాడడం మొదలవగానే దించాలి. రంగు మారేదాకా ఆగితే చేదు. పూర్తిగా చల్లారాక దంచాలి. వేడి మీద దంచితే నూనె ఊరి ముద్ద అయిపోతుంది, పొడి కాదు. రోట్లో నువ్వులు సగం నలిగాక బెల్లం వేసి మళ్లీ నాలుగు పోట్లు.

ఆ వాసన మధ్యే ఇంకో పని నడిచేది. హాస్టళ్లు దసరాకు మూస్తారు. పిల్లలు ట్రంకు పెట్టెలతో ఇంటికొస్తారు. వచ్చినవాళ్లంతా తిరిగిపోరు. చేలో పత్తి విచ్చి ఏరడానికి సిద్ధంగా ఉంటుంది, ఇంట్లో చెల్లెల్ని ఎత్తుకోవాలి, మేస్త్రీ గుంపు వలస బయల్దేరే రోజు దగ్గర పడుతుంది. పాలమూరు లేబర్ అనే వలసకూలీల గుంపు దసరా, దీపావళి దాటగానే కదిలిపోయేది. సెలవులు పది రోజులే అయినా, పిల్ల నెల దాకా కనబడకపోతే అప్పట్లో బడిలో పేరు కొట్టేసేవాళ్లు. తర్వాత చేర్చాలంటే మళ్లీ అన్ని కాగితాలు. బడి మాని ఏళ్లయిన పెద్ద పిల్లలకైతే మహిళా శిక్షణ కేంద్రం ఉండేది, అక్కడే ఉండి చదివి ఏడో తరగతి పరీక్ష రాసేవాళ్లు. కానీ బడి మానాక చేర్పించడం కన్నా, మానకుండా చూడటం ఎన్నో రెట్లు తేలిక.

అందుకే సద్దుల నాడే ట్రంకు పెట్టెలు తెరిపించేవాళ్లు. రెండు జతల బట్టలు, పళ్లెం, గ్లాసు, దువ్వెన, కొబ్బరినూనె సీసా, సబ్బులు, తాళం. తాళం చిన్న విషయం కాదు. తాళం లేని పెట్టెలో సబ్బు పోతే ఆ పిల్ల ఏడ్చి ఇంటికొచ్చేస్తుంది. పెద్ద పిల్లలకు పాత చీర ముక్కలు ఉతికి మడతపెట్టి అడుగున పెట్టడం. ఈ మాట తల్లులు ఎప్పుడూ పైకి అనేవాళ్లు కాదు. హాస్టల్ మానేసిన పిల్లలతో మాట్లాడితేనే తెలిసింది, అసలు కారణం చాలాసార్లు అదేనని.

ఎవరింట్లో ఏది లోపమో ఆ సాయంత్రమే తేలిపోతుంది. బతుకమ్మల్ని చెరువులో సాగనంపి, సద్దులు పంచుకుని తిని, ఖాళీ సిబ్బిలు ఎత్తుకుని వచ్చేటప్పుడు దారిలోనే ఒప్పందాలు. సబ్బులు ఒకరు, తాళం ఒకరు, బస్సు కిరాయి సంఘం. మేస్త్రీతో పోవాల్సిన తల్లి తన పిల్లను ఏ ఇంట్లో ఉంచి పోవాలో కూడా.

2016లో కేంద్రం మహిళా సమాఖ్య కార్యక్రమానికి నిధులు ఆపేసింది. బతుకమ్మ అప్పటికే రాష్ట్ర పండుగ.

దసరా జమ్మి ఇచ్చిపుచ్చుకున్న రెండో రోజో మూడో రోజో బడి తెరుస్తారు. తొలి ఎర్రబస్సుకే పిల్లల్ని ఎక్కించేవాళ్లు, ఇద్దరు సంఘం సభ్యులు వెంట. ట్రంకు పెట్టెలు బస్సు మీదికి. హాస్టల్ రిజిస్టరులో పేరు పడేదాకా వాళ్లు అక్కడే కూర్చునేవాళ్లు. తిరిగొచ్చాక బొడ్డెమ్మ నాడు మొదలుపెట్టిన నోటుబుక్కు తీసి, ఒక్కో పేరు పక్కన గుర్తు పెట్టేవాళ్లు. చేరిన పిల్లకు నిలువు గీత. చేరని పిల్లకు సున్నా. సున్నాలున్న ఇళ్లకు దీపావళి లోపు మళ్లీ పోవాలి, గుంపు కదలకముందే.